భాషాయంత్రమును సరిహద్దు సీమ వ్యాపారమును
చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి ప్రాంతములను గూర్చిన విమర్శ

చిత్రావతీనది చిక్కబళ్ళాపుర ప్రాంతపు కొండలయందు పుట్టి, బాగేపల్లి నొరసికొని పాఱి, తెలుగుగడ్డపై పుట్టపర్తి మీదుగా సాగి పెన్నేటిలో కలియుచున్నది. రాష్ట్రముల హద్దు ఆ నీటి కడ్డు రాలేదు. ఆ యేటి యొడ్డున మసలు భాషకును అడ్డు రాలేదు. 1955 లో రాష్ట్ర పునర్విభజన సంఘము కోలారు జిల్లాలో తెలుగువారి యాధిక్యమును గుర్తించియు, పాలనాసౌకర్యమును, మైసూరుతోడి చిరకాల సంబంధమును పాటించి, ఆ జిల్లాను కన్నడ రాష్ట్రమునందే యుంచవలెనని యభిప్రాయపడెను. 1956 లో అట్లే జరిగెను. 2007 లో కోలారునుండి విడివడి చిక్కబళ్ళాపుర జిల్లా యేర్పడినది. కాగితముమీది గీతలు ఇన్నిమార్లు మాఱినను సంతలోని మాట మాఱలేదు.

ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, కచేరి కాగితమున కన్నడము, సంతలో రెండును: బాగేపల్లి, చింతామణి తాలూకాలలో పుట్టి పెరిగినవారిలో పెక్కుమంది నిత్యజీవిత మిదియే. చింతామణి తాలూకాలోని కైవారమున ప్రసిద్ధికెక్కిన నారేయణ తాతయ్య తెలుగునందును కన్నడమునందును కృతులు రచించెను. తెలుగు పాటను కన్నడ లిపిలో వ్రాసికొని పాడుకొనువారు నేటికిని ఆ సీమలో గలరు. రెండు భాషల నడుమ బ్రదుకుట అచ్చటివారికి కలత గాదు, అలవాటు.

ఇట్టి సీమలోని యంగళ్ళకు, మండీలకు, కంపెనీల శాఖలకు నేడొక క్రొత్త గుమాస్తా వచ్చుచున్నాడు. వానికి జీతము లేదు, నిద్ర లేదు. అడిగినదానికి తడువుకొనక బదులు చెప్పును. జెనరేటివ్ ఏఐ అని వ్యవహరింపబడు సృజనశీల కృత్రిమ మేధయే యీ గుమాస్తా. దీనిని వ్యాపారమున ప్రవేశపెట్టు వ్యూహములు సామాన్యముగా నెట్లు రచింపబడుచున్నవి, అవి యీ మూడు తాలూకాలలో ఆచరణకు వచ్చునెడ ఎచ్చట తప్పటడుగు పడును, ఆ తప్పునకు మూల్యము చెల్లించువా డెవడు అను విషయములు ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

యంత్రస్వభావము

2022 నవంబరు 30 న చాట్‌జీపీటీ లోకమునకు వెల్లడియైనది మొదలు ఈ యంత్రములను గూర్చిన ప్రశంసయు, భయమును సమానముగా వ్యాపించినవి. రెండింటికంటె ముందు స్వభావజ్ఞానము అవసరము. ఈ యంత్రము కోట్లకొలది పుటల వ్రాతను చదివి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుటకు అవకాశము మెండో నేర్చికొన్నది. ఆ నేర్పుతోనే వాక్యమును పేర్చును. అందుచేత దాని వాక్యము నిజమైనప్పుడును, అబద్ధమైనప్పుడును ఒకే ధైర్యముతో నుండును. తెలియని గుమాస్తా తడబడును. ఆ తడబాటే కొనువానికి హెచ్చరిక. ఈ గుమాస్తాకు తడబాటు సహజముగా లేదు. ‘తెలియదు’ అని చెప్పుట దీనికి ప్రత్యేకముగా నేర్పవలసి యున్నది.

రెండవ విషయము వ్రాతకు సంబంధించినది. యంత్రము ప్రధానముగా వ్రాతనుండి నేర్చినది కావున, వ్రాతలో హెచ్చుగా నున్న భాష దానికి చక్కగా వచ్చును. తెలుగున అట్టి వ్రాత పత్రికలది, ప్రభుత్వ ప్రకటనలది, సినిమావార్తలది. చింతామణి మండీలో టమాట గంపల యొద్ద మాటలాడుకొను తెలుగు అచ్చుకెక్కినది బహుస్వల్పము. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బెంగాలీ, మరాఠీల తరువాత నాల్గవ స్థానము తెలుగుదే. అయినను ఆ 8 కోట్లలో సరిహద్దు సీమలవారి మాట యంత్రమునకు వినబడని మాటయే.

రాష్ట్రమును చూచి భాష నెన్నుట

వ్యాపారసంస్థల వ్యూహపత్రములలో సామాన్యముగా కానవచ్చు తొలి పొరపాటు మిగుల చిన్నదిగా కనబడును. పటమునందు రాష్ట్రమును చూచుట, రాష్ట్రమునకు భాషను కేటాయించుట. కర్ణాటక మనగా కన్నడము, ఆంధ్రమనగా తెలుగు. బెంగుళూరులో బల్లముందు కూర్చుండి వ్రాయువానికి ఈ పట్టిక సులభము, శుభ్రము. కాని బాగేపల్లి చేరునప్పటికి ఆ పట్టిక తప్పు.

ఒక ఉదాహరణమును ఊహింపవచ్చును. విత్తనములు, మందులు అమ్ము సంస్థ యొకటి రైతుల ప్రశ్నలకు ఫోనులో బదులు చెప్పుటకు భాషాయంత్రమును నియమించినది. రైతు ‘నాకు ఐదు గుంటల తోట ఉంది’ అని తెలుగున చెప్పును. యంత్రమునకు కన్నడము మాత్రమే విధింపబడియున్నచో, అది యా వాక్యమును కన్నడముగా వినజూచి చిక్కుపడును. పత్రికల తెలుగు విధింపబడియున్నచో మఱియొక చిక్కు. ఆంధ్రదేశపు పల్లెలలో పొలమును సెంట్లతో కొలుతురు. ఎకరమునకు 100 సెంట్లు. కర్ణాటకమున గుంటలతో కొలుతురు. ఎకరమునకు 40 గుంటలు. ఐదు గుంటలనగా పండ్రెండున్నర సెంట్లు. పైగా తెలుగున గుంట యనగా గొయ్యి, నీటిమడుగు అను అర్థములును గలవు. యంత్రము గుంటను సెంటుగా తలచినచో మందు చాలదు. ఎకరముగా తలచినచో మందు నలువది రెట్లగును. భాషలోని యొక మాట భూమిమీద ఎంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది.

ఇట్టివి మఱికొన్ని గలవు. రాయలసీమలోవలె ఈ సీమలోను వేరుశనగను శనక్కాయ, చెనిక్కాయ అందురు. శనగలు వేఱు, శనక్కాయలు వేఱు. కన్నడమునను ఇదే పోలిక కలదు: కడలె యనగా శనగ, కడలెకాయి యనగా వేరుశనగ. ఇరుభాషలవారును ఈ విషయమున ఒకే బాటను నడచిరి. కోస్తాతెలుగు చదివిన యంత్రమునకే ఇది క్రొత్త. కన్నడమున సొప్పు అనగా ఆకు. తెలుగున చొప్ప యనగా పశువులకు వేయు ఎండిన జొన్నదంటు. పట్టుపురుగులకు వేయు మల్బరీ ఆకు ఒకటి, ఎద్దులకు వేయు చొప్ప మఱియొకటి. రెండును ఒకే యింటి పెరటిలో నుండవచ్చును.

అన్నింటికంటె హెచ్చరికగా చెప్పదగినది ‘పురుగు’ అను మాట. శిడ్లఘట్ట, చింతామణి, చిక్కబళ్ళాపుర ప్రాంతములు పట్టుగూళ్ళకు ప్రసిద్ధములు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు దేశమునందలి పెద్ద మార్కెట్లలో నొకటి. అచ్చట పురుగు అనగా ఇంటిదీపము. దానిని మేపి గూడు కట్టించి అమ్ముకొనినప్పుడే అప్పు తీరును, పెండ్లి జరుగును. ప్రక్క చేనిలోని టమాట రైతునకు అదే పురుగు శత్రువు. ‘పురుగులు సచ్చిపోతా ఉండాయి’ అని టమాట రైతు చెప్పినచో అది శుభవార్త. పట్టు పెంచువాని భార్య అదే మాట చెప్పినచో అది యింటికి పిడుగు. మందు పడిన మల్బరీ ఆకు తినిన పట్టుపురుగు చచ్చును. గాలికి కొట్టుకొనివచ్చిన మందు ప్రక్క తోటపై పడినను చాలును. టమాటకు సరియైన సలహాయే పొరుగింటి పట్టుకు నాశహేతువు కావచ్చును. ఈ సంగతి ఆ యూరి అంగడివానికి తెలియును. మందు అమ్మునపుడే ‘ప్రక్కన సొప్పు తోట యున్నదా?’ అని యడుగును. ఈ ప్రశ్న నడుగవలెనని యంత్రమునకు ఎవరు నేర్పుదురు?

ఖర్చు అను వాదము

తెలుగును కూడ చేర్చుట ఖర్చు అని కొందఱు వ్యూహకర్తల వాదము. ఒకప్పుడు దీనికి ఆధారము కలదు. ఈ యంత్రములు వాక్యమును టోకెన్లు అనబడు తునుకలుగా కోసికొని చదువును. తునుకల లెక్కనే వెల కట్టుదురు. ఆంగ్లమునకు కుట్టిన చొక్కాను తెలుగునకు తొడిగినట్లు, తొలినాటి యంత్రములు తెలుగు మాటను చిన్నచిన్న ముక్కలుగా చీల్చెడివి. 2024 మే నెలలో ఓపెన్ఏఐ సంస్థ తన క్రొత్త యంత్రమును వెల్లడించునపుడు ఒక చిన్న నమూనా పాఠమును పలుభాషలలో పోల్చి చూపెను. ఆ పాఠము తెలుగున పూర్వము 159 తునుకలు, క్రొత్త పద్ధతిలో 45. ఆంగ్లమున పూర్వము 27, పిమ్మట 24. అనగా ఆంగ్లముకంటె దాదాపు ఆఱురెట్లు ఖరీదైన తెలుగు ఇంచుమించు రెండురెట్లకు దిగినది. అన్యాయము పూర్తిగా తీరలేదు గాని, 2023 నాటి లెక్కను పట్టుకొని నేడును తెలుగును త్రోసివేయుట లెక్క తెలిసినవాని పని కాదు.

కేంద్ర ప్రభుత్వము 2022 జులైలో ప్రారంభించిన ‘భాషిణి’యు, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందము 2023 లో వెలువరించిన 22 భాషల అనువాదయంత్రమును తెలుగును, కన్నడమును సమానముగా చేపట్టినవి. పనిముట్టులు లేవను సాకు ఇక చెల్లదు. ఉన్న పనిముట్టులను ఆ యూరి మాటకు సరిచూచుకొను ఓపిక లేకుండుటయే లోపము.

ఫలించిన ప్రయత్నములు చెప్పునది

ఈ యంత్రములను మొదలంట నిరాకరించుటయు న్యాయము కాదు. తెలంగాణమున ఖమ్మము జిల్లాలో మిరపరైతులకొఱకు 2022 లో ఆరంభమైన ‘సాగు బాగు’ పథకము విచారింపదగినది. అందు సుమారు 7,000 మంది రైతులు పాల్గొనిరి. ఎకరమునకు దిగుబడి 21 శాతము పెరిగినదనియు, పురుగుమందుల వాడుక 9 శాతము, ఎరువుల వాడుక 5 శాతము తగ్గినవనియు, ధర 8 శాతము మెఱుగైనదనియు నిర్వాహకులు ప్రకటించిరి. సంఖ్యలు గొప్పవే. కాని విమర్శకుడు ఒక సంగతిని విడువరాదు: అచ్చట యంత్రము ఒంటరిగా పనిచేయలేదు. తెలుగున సలహాలు చెప్పు చాట్‌బాట్‌తో పాటు భూసారపరీక్ష, పంట నాణ్యపరీక్ష, కొనువారిని అమ్మువారిని కలుపు ఏర్పాటు అన్నియు చేరియున్నవి. ఫలమంతయు మాటలాడు యంత్రమునకే కట్టబెట్టుట పొరపాటు. దానిని తెచ్చి అంగడిలో నిలిపినంతమాత్రమున ఖమ్మపు ఫలితము బాగేపల్లిలో పండునని తలచుట అంతకంటె పొరపాటు.

విదేశపు దృష్టాంత మొకటి మఱియొక కోణమును చూపును. ఒక అమెరికా సాఫ్టువేరు సంస్థలో వినియోగదారుల ప్రశ్నలకు బదులు చెప్పు 5,000 కు పైబడిన ఉద్యోగులను గూర్చి ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి 2023 లో ఫలితములను ప్రకటించిరి. యంత్రసహాయముతో గంటకు తీర్చు సమస్యల సంఖ్య సగటున 14 శాతము పెరిగినది. క్రొత్తవారికి, నేర్పు తక్కువవారికి 34 శాతము పెరిగినది. ఆఱితేరినవారికి పెరిగినది స్వల్పము. దీని భావ మేమి? ఆఱితేరినవారి నేర్పునే యంత్రము గ్రహించి క్రొత్తవారికి పంచినది.

ఈ సత్యమును చింతామణికి తెచ్చినచో వ్యూహము తలక్రిందు కావలసి యున్నది. ఇరువదియేండ్లుగా అంగడిలో కూర్చుండి రెండు భాషలలో బేరమాడిన గుమాస్తాయే యంత్రమునకు గురువు. వానిని తొలగించుటకై యంత్రమును తెచ్చు సంస్థ, విత్తనపు గింజను వండుకొని తిన్న సేద్యకానితో సమానము. ఆ గుమాస్తా అడుగు ఎదురుప్రశ్నలు, వాని గుంట లెక్కలు, ‘ఈ మందు నేడు వలదు, వాన వచ్చునట్లున్నది’ అను వాని మందలింపు ముందుగా వ్రాతకెక్కవలెను. వ్రాసియిచ్చినందుకు వానికి ప్రతిఫలము ముట్టవలెను. బెంగుళూరిలోని కార్య అను సంస్థ పల్లెవారి పలుకులను సేకరించి, 2023 నాటికి గంటకు సుమారు 5 డాలర్ల చొప్పున చెల్లించుచు, ఆ సేకరణ మరల అమ్ముడైనప్పుడు పలికినవారికి వంతు నిచ్చు పద్ధతిని పాటించినది. మాటకు వెల గట్టవచ్చునని దీనివలన తేలినది. అయినప్పుడు ఉచితముగా మాటను పట్టుకొనిపోవుట ఇక ఆచారముగా నిలువరాదు.

పూచీ యెవరిది

యంత్రము తప్పు చెప్పినచో ‘అది యంత్రము మాట, మాది కాదు’ అని తప్పించుకొను మార్గము లేదు. 2024 ఫిబ్రవరిలో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున నొక న్యాయాధికరణము ఈ విషయమును స్పష్టముగా తీర్చెను. ఎయిర్ కెనడా విమానసంస్థవారి చాట్‌బాట్ ఒక ప్రయాణికునికి బంధుమరణ సందర్భపు రాయితీని గూర్చి తప్పు చెప్పినది. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలన్నట్లు సంస్థ వాదించినను, అధికరణము దానిని త్రోసివేసి, వడ్డీ రుసుములతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లింపుమని యాజ్ఞాపించెను. మొత్తము చిన్నది, సూత్రము పెద్దది. అంగడిలోని గుమాస్తా మాటకు షావుకారు పూచీపడునట్లే యంత్రపు మాటకు సంస్థ పూచీపడవలెను.

కాని ఆ ప్రయాణికుడు చదివినవాడు. తనకు యంత్రము చెప్పినదానిని పటముగా తీసి దాచుకొన్నవాడు. గుడిబండ దారిలోని యొక పట్టు పెంపకపు ఇల్లాలికి ఫోనులో వినబడిన మాటకు రసీదు ఏది? కావున యంత్రము చెప్పిన ప్రతి సలహాయు, అడిగినవారి భాషలోనే, వారికి చదువ వచ్చిన లిపిలో ఫోనునకు చేరవలెను. తెలుగు మాటను కన్నడ లిపిలో పంపవలసి వచ్చినను సందేహింపరాదు. ఆ సీమవారికి అది క్రొత్త కాదు.

భారతదేశపు చట్టమును ఈ దిశనే చూపుచున్నది. 2023 లో చేయబడిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ప్రకారము, ఒకరి సమాచారమును గొనుటకు ముందు ఇయ్యవలసిన తాఖీదును ఆంగ్లమున గాని, రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందు గాని పొందు వికల్పము ఆ వ్యక్తికి కలదు. దీని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారీగా అమలునకు వచ్చుచున్నవి. ఈ చట్టము భాషను ఎన్నుకొను హక్కును వ్యక్తికి ఇచ్చినది. అతడు నివసించు రాష్ట్రమును అడుగలేదు. వ్యూహకర్తలు పటమును చూచి చేసిన తప్పును చట్టము మనిషిని చూచి దిద్దినది.

కన్నడము చాలదా అను ప్రశ్న

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. కర్ణాటకమున కన్నడము రాజభాష. అంగళ్ళ పలకలలో 60 శాతము కన్నడ ముండవలెనని 2024 లో చట్టము సవరింపబడినది. ఆ సీమలోని తెలుగువారికి కన్నడము వచ్చును, రావలెను కూడ. అట్లైనచో యంత్రము కన్నడమున మాటలాడిన చాలదా?

పలకమీది వ్రాత పదిమందికి. ఫోనులోని ప్రశ్న ఒక్కరిది. పలకకు కన్నడము ఉచితము. దానితో ఈ వాదమునకు తగవు లేదు. అయితే పురుగు చచ్చుచున్నప్పుడు, పైరు వాడుచున్నప్పుడు మనిషి తనకు తొలుత వచ్చిన భాషలోనే మాటలాడును. పట్టుపురుగుల పనిలో స్త్రీల పాలు హెచ్చు. వారిలో వయసు మీఱినవారికి బడిచదువు తక్కువ. వారి భాషను వినలేని యంత్రము వారిని అడుగవద్దని చెప్పినట్లే. వారడుగని ప్రశ్నలు సంస్థ లెక్కలలో కానరావు. కావున ‘ఎవరును తెలుగున అడుగుట లేదు’ అని మఱుసటి యేడు వ్యూహపత్రమున వ్రాయుదురు. తలుపు మూసి, ఎవరును లోనికి రాలేదనుట వంటిదిది.

ఇందు భాషకును నష్టము కలదు. బేరమునుండి తొలగిన భాష వంటింటికి చేరును. వంటింటినుండి పాతపాటలోనికి చేరును. రెండు తరముల పిమ్మట, ‘మా అవ్వ తెలుగు మాటలాడెడిది’ అను వాక్యము మాత్రము మిగులును. అట్లని హైదరాబాదు వార్తల తెలుగును యంత్రముచేత ఇచ్చట పలికించుటయు మేలు గాదు. ‘ఉండాయి’ అన్నవాని మాటను యంత్రము తప్పుగా నెంచినచో, వాని పిల్లలును అట్లే యెంచుదురు.

ఈ సందర్భమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు గూగుల్ తోడ్పాటుతో 2022 లో చేపట్టిన ‘వాణి’ పథకము మార్గదర్శకము. అందు సేకరణకు ప్రమాణము భాష గాదు, జిల్లా. జిల్లాలోని మనుష్యులకు చిత్రములను చూపి, వారికి వచ్చిన భాషలో వర్ణింపుమందురు. ఏ భాష వచ్చిన ఆ భాషయే. పటమునుండి మనిషికి కాక, మనిషినుండి పటమునకు పోవు ఈ పద్ధతియే సరిహద్దు సీమలకు న్యాయము చేయగలది.

ఆచరణక్రమము

2024 జులైలో గార్ట్‌నర్ అను పరిశీలనసంస్థ, ఇట్టి యంత్రప్రయత్నములలో కనీసము 30 శాతము 2025 ముగియులోపల నమూనాదశ దాటకయే విడువబడునని అంచనా కట్టి, సమాచారపు నాణ్యత లోపించుట, అపాయనివారణ చాలకుండుట, ఖర్చు పెరుగుట, ప్రయోజనము తేలకుండుట కారణములుగా చెప్పెను. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపువారు శ్రమను 10, 20, 70 పాళ్ళుగా విభజింపుమందురు: గణితసూత్రములకు 10, సాంకేతికతకు సమాచారమునకు 20, మనుష్యులకు పనితీరునకు 70. ఈ 70 పాళ్ళే చిక్కబళ్ళాపుర జిల్లాలో ప్రయత్నము యొక్క జయాపజయములను నిర్ణయించునవి.

మొదట సంస్థ తన గుమాస్తాలచేత నెలదినములు ప్రశ్నలను వచ్చినవి వచ్చినట్లే, వచ్చిన భాషలోనే, అడిగినవారి సమ్మతితో వ్రాయింపవలెను. రెండవది, కొలతలు, పైరుల పేర్లు, పురుగుల పేర్లు, మందుల వాడుకపేర్లు ఒక పట్టికకు తేవలెను. చింతామణిలోని పట్టుపరిశ్రమ కళాశాలయు, అచ్చటి కృషి విజ్ఞాన కేంద్రమును ఈ పట్టికను దిద్దుటకు తగినవి. మూడవది, యంత్రము ఆ పట్టికను, పరిశీలింపబడిన సలహాలను దాటి స్వయముగా మోతాదు చెప్పరాదు. గుంట లెక్కను తిరిగి యడిగి రూఢి చేసికొనవలెను. నాల్గవది, మందు, అప్పు, వైద్యము అను మూడు విషయములలో సందేహము కలిగినంతనే పిలుపును మనిషికి అప్పగింపవలెను. ఆ మనిషి రెండు భాషలు తెలిసినవాడై యుండవలెను. ఐదవది, పరీక్ష బెంగుళూరులో గాక బాగేపల్లి సంతలో జరుగవలెను. సంతవారు నవ్వినచోట యంత్రమును దిద్దవలెను.

ఇందు తెలుగు సంఘముల పాత్రయు కలదు. ఉగాదికి కవిసమ్మేళనము జరుపుట మంచిదే. దానితోపాటు మూడు తాలూకాల వ్యవసాయ, పట్టు, సంత మాటలను పలుకుబడితో సహా కూర్చి, అర్థము వ్రాసి, కన్నడ సమానపదములతో ప్రకటించినచో, నేడు ఏ సంస్థయైనను దానిని వాడుకొనవచ్చును. పదకోశ నిర్మాణము ఒకనాడు పండితుల ముచ్చట. నేడది పైరును కాపాడు పని.

ముగింపు

చిక్కబళ్ళాపురమునకు దగ్గఱలోని ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య, నేటి ఆంధ్రదేశమునందలి మోక్షగుండము గ్రామమునుండి వచ్చిన తెలుగు కుటుంబమువాడు. భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ వలయునని 1934 లో గ్రంథము వ్రాసినవాడు. అంతకు చాల ముందే, 1903 లో, పూనా చెంతనున్న ఖడక్వాస్లా జలాశయమునకు ఆయన రూపొందించిన తమంత తాము తెఱచికొను తలుపులు అమర్పబడెను. నీరు నిర్ణీతమైన మట్టమును దాటినపుడు అవి తెఱచికొనును, తగ్గినపుడు మూసికొనును. కాపలావాడు చేయి వేయ నక్కఱలేదు. అది చూచినవారికి యంత్రమే ఆలోచించినట్లు తోచును. కాని ఆ మట్టము ఎంత యుండవలెనో నిర్ణయించినది యంత్రము కాదు. ఆ యేటి వరదను, ఆ కట్ట బలమును, దిగువనున్న యూళ్ళను ఎఱిగిన మనిషి నిర్ణయించెను.

భాషాయంత్రమునకు అట్టి మట్టము స్వభావసిద్ధముగా లేదు, నియమించువారే గీయవలెను. గీయువారు దిగువ యూళ్ళను ఎఱిగియుండవలెను, ఆ యూళ్ళవారి మాటను వినియుండవలెను. బాగేపల్లి రైతు ‘గుంట’ అన్నప్పుడు ఏమి యన్నాడో తెలియక వ్రాయబడిన వ్యూహము, ఎంత నునుపైన కాగితముపై నున్నను, అసంపూర్ణమే.